రేడియం షాపులో రేడియం ఉండదు

మొన్న వేసవిలో మా అక్క కూతురు హైదరాబాదు వచ్చింది. పదో తరగతి పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ, నా బుర్ర తినడమే పనిగా పెట్టుకున్న రోజులు. ఒక సాయంత్రం బండికి స్టిక్కర్ వేయించుకుందామని ఇద్దరం వీధి చివర షాపుకి వెళ్ళాం. రేకుల షెడ్డు, లోపల ఒక కంప్యూటరు, స్టిక్కర్ షీట్లను కత్తిరించే మిషను. బయట పెద్ద అక్షరాలతో ‘రేడియం వర్క్స్’ అని బోర్డు.

“మామయ్యా, ఇందులో నిజంగా రేడియం ఉంటుందా? ఉంటే ఈయనకి కాన్సర్ రాదా?” అంది.

షాపతను నవ్వి, “రేడియం అంటే మెరిసేది పాపా, అంతే” అన్నాడు.

అతను చెప్పింది తప్పు కాదు. మన ఊళ్ళలో రేడియం అంటే అర్థం అదే. ఆటోల వెనక దేవుడి బొమ్మలు, లారీల మీద ఎర్ర గీతలు, బళ్ళ మీద హీరోల పేర్లు, చీకట్లో లైటు పడితే తళుక్కుమనేవన్నీ రేడియమే. వాటిలో ఉండేది మాత్రం ప్లాస్టిక్ పొర, దాని కింద సన్నటి గాజుపూసలో, అద్దపు పలకల్లాంటి చిన్న నిర్మాణాలో. మీద పడిన వెలుగును అవి వచ్చిన దారినే వెనక్కి పంపిస్తాయి. మన హెడ్‌లైటు వెలుగే మన కళ్ళకి తిరిగొస్తుంది. లైటు ఆర్పితే స్టిక్కరూ ఆరిపోతుంది. సొంత వెలుగు ఒక్క చుక్క కూడా ఉండదు.

అసలు రేడియం ఇందుకు పూర్తిగా ఎదురు. దానికి ఎవరి వెలుగూ అక్కర్లేదు. పగలూ రాత్రీ, మనం చూసినా చూడకపోయినా, కాల్చినా గడ్డకట్టించినా, యాసిడ్‌లో కరిగించినా, తన పని తాను చేసుకుపోతుంది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి పెట్టిన పేరు రేడియోధార్మికత. చదువుకునే రోజుల్లో ఆ ‘ధార్మికత’ చూసి నవ్వుకునేవాళ్ళం, రేడియం ఏమైనా సత్రాలు కట్టించిందా అని. కానీ అది పుణ్యం చేసే ధర్మం కాదు. నిప్పుకి కాల్చడం ధర్మం, నీటికి పల్లానికి పారడం ధర్మం అంటామే, ఆ ధర్మం. అంటే స్వభావం. ఇప్పుడాలోచిస్తే అంతకంటే మంచి మాట దొరకదేమో అనిపిస్తుంది.

ఇంటికొచ్చాక ఆ అమ్మాయికి రేడియం కథ చెప్పడం మొదలుపెట్టాను. చెబుతూ చెబుతూ ఉంటే మధ్యలో మా అమ్మమ్మ వచ్చింది. ఆమె ఎందుకొచ్చిందో చివర్లో చెబుతాను.

*

1896 ఫిబ్రవరి చివరి రోజులు. పారిస్‌లో మబ్బు పట్టి ఉంది. అంతకు మూడు నెలల ముందే జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలు కనిపెట్టాడు. చేతి ఎముకలు ఫోటోలో కనబడుతున్నాయంటే ప్రపంచమంతా నోరు తెరిచి చూస్తోంది. హెన్రీ బెకరెల్ అనే శాస్త్రజ్ఞుడికి ఒక అనుమానం వచ్చింది. కొన్ని ఖనిజాలు ఎండలో పెడితే తర్వాత కాసేపు మెరుస్తాయి. ఆ మెరుపుతోపాటు ఎక్స్-కిరణాల్లాంటివేమైనా బయటికి వస్తాయా అని. నల్లకాగితంలో చుట్టిన ఫోటో ప్లేటు మీద యురేనియం లవణం పెట్టి ఎండలో ఉంచేవాడు. ప్లేటు మీద మచ్చ పడేది. తన ఊహ నిజమే అనుకున్నాడు.

తర్వాత ఎండ రాలేదు. సిద్ధం చేసిన ప్లేట్లను, వాటి మీది యురేనియం లవణంతో సహా, సొరుగులో పడేశాడు. ఒకదాంట్లో ప్లేటుకీ లవణానికీ మధ్య చిన్న రాగి శిలువ ఉంది. మార్చి 1, ఆదివారం నాడు వాటిని తీసి డెవలప్ చేశాడు. ఎండ తగల్లేదు కాబట్టి లీలగా ఏదో ఉంటే ఉండొచ్చు అనుకుని ఉంటాడు. తీరా చూస్తే మచ్చ దట్టంగా ఉంది. రాగి శిలువ నీడ స్పష్టంగా పడింది. సూర్యుడితో సంబంధం లేదన్నమాట. ఆ వెలుగు, వెలుగనే అనాలంటే, యురేనియం లోపలి నుంచే వస్తోంది.

ఈ సొరుగునీ ఈ ఫోటో మచ్చనీ గుర్తుపెట్టుకోండి. ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ అవసరమవుతుంది.

బెకరెల్ కిరణాల మీద మొదట్లో పెద్దగా ఎవరూ దృష్టి పెట్టలేదు. ఎక్స్-కిరణాల మోజులో అవి కొట్టుకుపోయాయి. 1897 చివర్లో పీహెచ్‌డీకి అంశం వెతుక్కుంటున్న మరీ క్యూరీ వాటిని పట్టుకుంది. వార్సా నుంచి పారిస్ వచ్చి చదువుకున్న అమ్మాయి, అప్పటికి ఒక పసిబిడ్డ తల్లి. ఆమె చేసిన మొదటి తెలివైన పని, ఫోటో ప్లేట్లను వదిలేసి కొలవడం మొదలుపెట్టడం. ఈ కిరణాలు గాలిలోంచి వెళితే గాలిలో సన్నగా కరెంటు పారుతుంది. ఆ కరెంటు ఎంతో కొలిస్తే కిరణాలు ఎంతో తెలుస్తుంది. అంత చిన్న కరెంటును కొలిచే పరికరం అంతకు ముందే ఆమె భర్త పియరీ, అతని అన్న జాక్ కలిసి తయారుచేసి ఉన్నారు.

కొలిస్తే ఒక విషయం తేలింది. యురేనియం ఏ రూపంలో ఉన్నా, పొడిగా ఉన్నా, తడిగా ఉన్నా, ఏ సమ్మేళనంలో ఉన్నా, కిరణాలు ఎంత యురేనియం ఉంటే అంతే వస్తున్నాయి. అంటే ఇది రసాయన చర్య కాదు. పరమాణువు గుణం. ఇంకొకటి: పిచ్‌బ్లెండ్ అనే యురేనియం ఖనిజం స్వచ్ఛమైన యురేనియం కంటే ఎక్కువ చురుగ్గా ఉంది. పప్పులో వేసిన ఉప్పు కంటే పప్పు ఎక్కువ ఉప్పగా ఉంటే ఏమనుకుంటాం? ఇంకెవరో ఇంకేదో వేశారనుకుంటాం. ఆమె కూడా అదే అనుకుంది. పియరీ తన పని పక్కన పెట్టి ఆమెతో చేరాడు. 1898 జులైలో పొలోనియం, డిసెంబరులో రేడియం. లాటిన్‌లో రేడియస్ అంటే కిరణం. ఆ పేరు అలా వచ్చింది.

పేరు పెట్టడం తేలిక, తీసి చూపించడం కష్టం. బొహీమియాలోని యోఅకిమ్‌స్తాల్ గనుల నుంచి, యురేనియం తీసేశాక పారేసిన పిప్పిని టన్నుల లెక్కన తెప్పించుకున్నారు. ఆ ఊరి వెండితో పూర్వం కొట్టిన నాణేలను ‘తాలర్’ అనేవారు, ఇవాళ్టి డాలరు అనే మాట అందులోంచి పుట్టిందే. డాలరుకీ రేడియానికీ ఒకటే పుట్టిల్లు. చూరు కారే ఒక పాత షెడ్డులో, ఒకప్పుడు వైద్యవిద్యార్థులు శవాలు కోసిన చోట, మరీ ఆ పిప్పిని కాగుల్లో మరగబెట్టి, వడగట్టి, స్ఫటికాలు కట్టించి, మళ్ళీ కరిగించి, 1902 నాటికి ఒక గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడు తీసింది. రాత్రిళ్ళు భార్యాభర్తలిద్దరూ ఆ షెడ్డుకి వెళ్ళి చీకట్లో గాజుగొట్టాలు మెరుస్తుంటే చూస్తూ నిలబడేవారట. ఆ పద్ధతి మీద పేటెంటు తీసుకోలేదు.

*

“కిరణాలు కిరణాలు అంటున్నావు, అవేంటి?” అంది మేనకోడలు.

దానికి జవాబు చెప్పినవాడు రూథర్‌ఫర్డ్. న్యూజిలాండ్ రైతుబిడ్డ. 1899లో అతను ఈ కిరణాలు ఒక రకం కాదని తేల్చాడు. సన్నటి రేకు అడ్డం పెడితే ఆగిపోయేవాటికి ఆల్ఫా అనీ, ఇంకాస్త దూసుకుపోయేవాటికి బీటా అనీ పేర్లు పెట్టాడు. మూడో రకం, గామా, 1900లో విలార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడికి దొరికింది. ఇప్పుడు మనకు తెలిసినది ఇది: ఆల్ఫా అంటే హీలియం కేంద్రకం, బరువైనది, కాగితం అడ్డం పెట్టినా ఆగిపోతుంది. బీటా అంటే వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాను, సన్నటి అల్యూమినియం పలక ఆపుతుంది. గామా వెలుగు జాతిది, ఎక్స్-కిరణాలకు చుట్టం. దాన్ని బాగా తగ్గించాలంటే మందపాటి సీసమో కాంక్రీటు గోడో కావాలి.

పుస్తకాల్లో ఇక్కడ ఒక పటం ఉంటుంది: కాగితం, అల్యూమినియం, సీసం, మూడు బాణాలు. దాన్ని చూసిన ఎవరికైనా ఆల్ఫా నీరసమైనదనీ గామా ప్రమాదకరమైనదనీ అనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఆల్ఫా ఒంటి బయట ఉన్నంతవరకే ఆ మాట నిజం.

రూథర్‌ఫర్డ్ 1902 ప్రాంతంలో కెనడాలో సాడీ అనే రసాయనశాస్త్రజ్ఞుడితో కలిసి అంతకంటే పెద్ద సంగతి చెప్పాడు. కిరణాన్ని విసిరిన పరమాణువు మునుపటి పరమాణువుగా మిగలదు, వేరే మూలకమైపోతుంది. రేడియం ఆల్ఫాను విసిరి రాడాన్ అనే వాయువవుతుంది. రాడాన్ పొలోనియం అవుతుంది. యురేనియం దగ్గర మొదలైన ఈ వరస పద్నాలుగు మెట్లు దిగి చివరికి సీసం దగ్గర ఆగుతుంది. రసవాదులు వందల ఏళ్ళు కొలిమి ఊదినా జరగనిది, రాళ్ళలో ఎవరూ అడక్కుండానే జరుగుతోంది.

ఎంత వేగంగా జరుగుతుంది? దీనికి నేను చింతపిక్కలు తెచ్చాను. అష్టాచెమ్మా ఆడేటప్పుడు పిక్కని ఒకవైపు గచ్చు మీద అరగదీసి తెల్లగా చేస్తాం కదా. అలాంటివి రెండు వందలు ఉన్నాయనుకుందాం. గుప్పిళ్ళతో ఎత్తి కింద పోయండి. తెలుపు పైకి పడినవన్నీ తీసేయండి. సుమారు వంద మిగులుతాయి. మళ్ళీ పోయండి, తెల్లవి తీసేయండి. యాభై. మళ్ళీ, పాతిక. ఏ పిక్క ఎప్పుడు తెల్లగా పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఐదుసార్లు నల్లగా పడిన పిక్కకి ‘ఈసారి నా వంతు’ అనే జ్ఞాపకం ఉండదు. కానీ గుంపు లెక్క మాత్రం తప్పదు. ఒక్కో విసురుకి పట్టే కాలమే అర్ధజీవితకాలం. రాడాన్‌కి ఆ విసురు నాలుగు రోజుల లోపు. రేడియానికి 1600 ఏళ్ళు. యురేనియానికి 450 కోట్ల ఏళ్ళు, దాదాపు భూమి వయసంత.

“మరి 1600 ఏళ్ళకి సగం అయిపోతే, భూమి పుట్టినప్పటి రేడియం ఇప్పటిదాకా ఎలా మిగిలింది?” అని అడిగింది. మంచి ప్రశ్న. మిగల్లేదు. ఇప్పుడున్నదంతా యురేనియం నుంచి కొత్తగా పుట్టిందే. అడుగున చిల్లి ఉన్న కుండ మీద కుళాయి సన్నగా కారుతుంటే కుండలో ఎప్పుడూ కాసిని నీళ్ళుంటాయి చూడండి, అలాగ. ఆ కాసిని ఎంతంటే, ఖనిజంలో మూడు టన్నుల యురేనియానికి సుమారు ఒక గ్రాము రేడియం.

ఆ ఒక్క గ్రాములో సెకనుకి సుమారు 3700 కోట్ల పరమాణువులు విరుగుతుంటాయి. ఈ అంకె కూడా గుర్తుంచుకోండి.

*

రేడియం ఒంటికి తగిలితే చర్మం కాలుతుందని మొదట్లోనే తెలిసింది. బెకరెల్ కోటు జేబులో రేడియం గొట్టం పెట్టుకుని తిరిగితే ఒంటి మీద పుండు పడింది. పియరీ క్యూరీ కావాలనే చేతికి కట్టుకుని చూశాడు. కాల్చేదైతే కాన్సర్ గడ్డనీ కాల్చగలదని డాక్టర్లకి తట్టింది. అక్కడి నుంచి రేడియం వైద్యం మొదలైంది. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి పాత పేరులో కూడా ‘రేడియం ఇన్‌స్టిట్యూట్’ అని ఉండేది.

కాన్సర్‌ని నయం చేసేదైతే అన్నిటినీ నయం చేస్తుందని వ్యాపారులకి తట్టింది. అమెరికాలో రేడియం కలిపిన నీళ్ళు సీసాల్లో అమ్మారు. 1920 ప్రాంతంలో గ్రాము రేడియం ధర లక్ష డాలర్ల పైమాట. అంత ఖరీదైనది చెడు చేస్తుందని ఎవరనుకుంటారు?

1917లో న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ అనే ఊళ్ళో గడియారాల డయల్ మీద మెరిసే అంకెలు వేసే ఫ్యాక్టరీ మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధం. కందకాల్లో ఉన్న సైనికుడికి అగ్గిపుల్ల గీయకుండా టైము తెలియాలి. రంగులో రవ్వంత రేడియం, మిగతాది జింక్ సల్ఫైడ్. రేడియం విసిరే ఆల్ఫాలు తగిలి జింక్ సల్ఫైడ్ మెరుస్తుంది. పనికి ఆడపిల్లల్ని పెట్టుకున్నారు, చాలామంది పదహారు నుంచి ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళు. ఎన్ని డయల్స్ వేస్తే అంత కూలి. అంకెలు సన్నగా రావాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి. కుంచెని పెదాల మధ్య పెట్టి మొన తీయమని నేర్పించారు. పెదాలు, రంగు, డయల్. మళ్ళీ పెదాలు. మన దగ్గర సూదిలో దారం ఎక్కించేముందు నోట్లో తడిపినట్టే. ప్రమాదమేమైనా ఉందా అని అడిగిన అమ్మాయిలకు ఏమీ లేదని చెప్పారు. అదే కంపెనీ ప్రయోగశాలలో పనిచేసే రసాయనశాస్త్రజ్ఞులు సీసపు తెరల వెనక, పటకార్లతో పనిచేసేవారు.

రాత్రి ఇంటికెళితే ఆ అమ్మాయిల జుట్టు మెరిసేది, బట్టలు మెరిసేవి. డాన్సుకి వెళ్ళే రోజు మంచి గౌను వేసుకుని పనికొచ్చేవాళ్ళు, రాత్రికి మెరుస్తుందని. సరదాగా పళ్ళకి రాసుకున్నవాళ్ళూ ఉన్నారు.

మాలీ మాగియా అనే అమ్మాయికి 1922లో పన్ను నొప్పి వచ్చింది. పన్ను పీకితే పుండు మానలేదు. పక్క పన్ను, ఆ పక్క పన్ను. చివరికి దవడ ఎముకే ముక్కలుగా ఊడొచ్చింది. ఆ సెప్టెంబరులో చనిపోయింది. వయసు 24. మరణ ధృవీకరణ పత్రంలో సిఫిలిస్ అని రాశారు. చనిపోయిన పిల్ల మీద ఎంత సులువుగా రాసేశారో చూడండి.

ఇక్కడే కాగితం, అల్యూమినియం, సీసం పటం మనల్ని మోసం చేస్తుంది. ఆల్ఫాని కాగితం ఆపుతుంది, నిజమే. మన చర్మం మీది చచ్చిన పొర కూడా ఆపుతుంది. కానీ మింగితే? ఆవర్తన పట్టికలో రేడియం కాల్షియం ఉన్న నిలువు వరసలోనే కింద ఉంటుంది. శరీరానికి తేడా తెలియదు, కాల్షియం అనుకుని తీసుకెళ్ళి ఎముకలో పెడుతుంది. ఎముకలో చచ్చిన పొర ఏదీ ఉండదు, జీవకణాలే ఉంటాయి. ఆల్ఫా ఎక్కువ దూరం పోలేదంటే, తన శక్తినంతా వెంట్రుక మందానికి మించని దూరంలో కుమ్మరించేస్తుందని అర్థం. ఒక గ్రాములో పది లక్షల వంతు రేడియం ఎముకలో ఉన్నా సెకనుకి 37,000 దెబ్బలు. అర్ధజీవితకాలం 1600 ఏళ్ళు. మనిషి బతికినన్నాళ్ళూ అది తగ్గినట్టే కాదు.

కంపెనీ 1924లో హార్వర్డ్ నిపుణుల్ని పిలిపించి పరీక్ష చేయించింది. వాళ్ళు రేడియమే కారణమని రాసిచ్చారు. కంపెనీ దాన్ని దాచిపెట్టి, అమ్మాయిలందరూ బాగానే ఉన్నారన్నట్టు మార్చిన కాగితాన్ని కార్మికశాఖకి పంపింది. 1925లో హారిసన్ మార్ట్‌లాండ్ అనే ప్రభుత్వ వైద్యాధికారి జబ్బు పడినవాళ్ళ ఊపిరిని పరీక్షించాడు. ఎముకల్లోని రేడియం రాడాన్ వాయువుగా మారి ఊపిరిలో బయటికి వస్తోంది. బతికున్న మనుషులే ఖనిజాల్లా కొలతకి దొరుకుతున్నారు.

గ్రేస్ ఫ్రయర్ అనే అమ్మాయి కేసు వేద్దామని లాయర్ల చుట్టూ తిరిగింది. రెండేళ్ళు పట్టింది ఒక లాయరు దొరకడానికి. 1927లో రేమండ్ బెర్రీ అనే యువ లాయరు ఒప్పుకున్నాడు. ఆమెతో కలిపి ఐదుగురు. అందులో ఇద్దరు మాలీ అక్కచెల్లెళ్ళు. గడువు దాటిపోయింది, దెబ్బ తగిలిన రెండేళ్ళలోగా కేసు వేయాల్సిందని కంపెనీ వాదన. ఎముకలో కూర్చున్న దెబ్బకి రెండేళ్ళ గడువేమిటి? ఇవాళ కూడా తగులుతూనే ఉందిగా!

1927 అక్టోబరులో మాలీ శవపేటికను తవ్వి తీశారు. చనిపోయి ఐదేళ్ళు. ఎముకలను ఫోటో ఫిల్ముకి ఆనించి చీకట్లో ఉంచారు. ఫిల్ము మీద మచ్చలు పడ్డాయి. 1896లో పారిస్‌లో సొరుగులో జరిగిందే మళ్ళీ జరిగింది. ఈసారి యురేనియం లవణం బదులు ఒక ఆడపిల్ల ఎముక. సిఫిలిస్ జాడ ఎక్కడా లేదు.

1928 జూన్‌లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి పది వేల డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల పింఛను, వైద్యం ఖర్చులు. పింఛను ఎక్కువకాలం తీసుకునే అదృష్టం వాళ్ళలో చాలామందికి లేదు. ఆ రంగుని కనిపెట్టిన డాక్టర్ సోచాకీ కూడా అదే ఏడాది రేడియం వల్లే పోయాడు. ఇలినాయ్ రాష్ట్రంలో ఇలాంటి ఇంకో ఫ్యాక్టరీ మీద కాథరిన్ డోనహ్యూ అనే ఆమె 1938లో మంచం మీద పడుకునే సాక్ష్యం చెప్పి గెలిచింది. కంపెనీ అప్పీళ్ళు నడుస్తుండగానే చనిపోయింది.

1941లో అమెరికాలో, ఒంట్లో ఇంతకంటే రేడియం ఉండకూడదని ఒక హద్దు పెట్టారు, గ్రాములో కోటోవంతు. ఆ అంకె ప్రయోగశాలలో ఎలుకల మీద తేల్చింది కాదు, ఈ అమ్మాయిల ఊపిరి కొలిచి తేల్చింది. తర్వాత అణుబాంబు పనిలో ప్లుటోనియం ముట్టుకున్నవాళ్ళని కాపాడిన జాగ్రత్తలకి కూడా వీళ్ళ అనుభవమే ఆధారం.

*

ఇప్పుడు అమ్మమ్మ.

మాది తెనాలి దగ్గర ఊరు. 1991లో అమ్మమ్మకి రొమ్ములో గడ్డ వస్తే పట్నంలో ఆపరేషన్ చేసి, తర్వాత ఐదు వారాలు ‘కరెంటు పెట్టారు’. మా ఇళ్ళలో ఇప్పటికీ రేడియేషన్‌కి అదే మాట. ఇంటికొచ్చేసరికి ఆమె ఛాతీ మీద చర్మం కమిలి నల్లబడి ఉంది. నాకప్పుడు ఏడేళ్ళు. పరిగెత్తుకెళ్ళి ఒళ్ళో కూర్చోబోతే మా అత్త రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. “అమ్మమ్మ ఒంట్లో కరెంటు ఉందిరా, పిల్లలు తగలకూడదు” అంది.

ఆ రోజు నుంచి అమ్మమ్మకి కంచం వేరు, గ్లాసు వేరు, అరుగు మీద చాప వేరు. గ్లాసు అంచున మేకుతో గీత గీసి గుర్తు పెట్టారు. సాయంత్రాలు నాతో అష్టాచెమ్మా ఆడేది. పిక్కలు నా చేతికి ఇవ్వకుండా గచ్చు మీద పోసేది, నేను ఏరుకునేవాణ్ణి. అదొక ఆట నియమం అనుకున్నాను చాలా రోజులు. ఆమె ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది. ఆ కట్టడి ఎవరూ ఎత్తేయలేదు. ఎప్పుడు ఎత్తేయాలో ఎవరికీ తెలియదు మరి.

అమ్మ దాచిన పాత కాగితాల్లో ఆసుపత్రి చీటీ చూశాను. కోబాల్ట్ అని ఉంది. 1951లో కెనడాలో మొదలైన వైద్యం అది. మామూలు కోబాల్ట్‌ని అణురియాక్టర్‌లో పెట్టి న్యూట్రాన్లతో కొడితే కోబాల్ట్-60 అవుతుంది. అర్ధజీవితకాలం ఐదేళ్ళ పైచిలుకు. దాన్ని సీసం కవచంలో పెట్టి, అవసరమైనంతసేపు ఒక కిటికీ తెరిచి గామా కిరణాల్ని గడ్డ ఉన్నచోట పడేలా చేస్తారు. కిటికీ మూస్తే ఆ పూటకి అయిపోయినట్టే. ఒంట్లో ఏమీ మిగలదు.

మేనకోడలికి ఇలా చెప్పాను. దీపం వెలుగు మన మీద పడితే మనం దీపం కాము. దీపం ఆర్పితే మన ఒంటి మీద వెలుగు మిగలదు. ఆ వెలుగు మరీ ఎక్కువైతే కాలుతుంది, ఆ కాలిన మచ్చ ఉంటుంది, అంతే. దీపం మసి అంటుకోవడం వేరు. మసి మనతో వస్తుంది, పట్టుకున్న చోటల్లా అంటుతుంది. రేడియేషన్ సోకడానికీ, రేడియోధార్మిక పదార్థం అంటుకోవడానికీ తేడా అదే. ఆ న్యూజెర్సీ అమ్మాయిల ఎముకల్లో మసి ఉంది, వాళ్ళకి లేదని చెప్పారు. మా అమ్మమ్మ మీద వెలుగు పడింది, మసి అంటిందని మేం అనుకున్నాం. మందు మింగించో, ఒంట్లో గింజ పెట్టో చేసే వైద్యాలు కొన్ని ఉన్నాయి, వాటికి కొన్నాళ్ళు దూరం పాటించాలి. అమ్మమ్మకి చేసింది అది కాదు.

మా అత్త చెడ్డమనిషి కాదు. ఐదు వారాలూ ఆసుపత్రిలో అమ్మమ్మకి అన్నం కలిపి పెట్టింది తనే. గది తలుపు మీద మూడు రెక్కల హెచ్చరిక బొమ్మ చూసింది, మిషను ఆన్ చేసేముందు అందరూ బయటికి పరిగెత్తడం చూసింది. చూసినదాన్ని బట్టి ఒక సిద్ధాంతం కట్టుకుంది. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ ఇచ్చారు గానీ, ‘పిల్లల్ని ఎత్తుకోవచ్చమ్మా’ అనే ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం ఖరీదు మా ఇంట్లో ఎనిమిదేళ్ళు.

అందుకే ఇప్పుడు యురేనియం మాట వచ్చినప్పుడల్లా నేను ముందు వెతికేది ఈ తేడానే. 2019లో నల్లమలలో యురేనియం వద్దని జనం కదిలారు, తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని ఇప్పటికే ఉంది. అలాంటి చోట అడగాల్సిన ప్రశ్న రాయి మెరుస్తుందా లేదా అని కాదు. యురేనియం తీశాక మిగిలే పిప్పి ఎక్కడ పోస్తున్నారు? అందులో రేడియం మిగిలే ఉంటుందిగా, క్యూరీ తెప్పించుకున్నది అలాంటి పిప్పినే కదా. అది బోరు నీళ్ళలోకి దిగుతోందా? కొలిచింది ఎవరు, ఆ కాగితం ఎవరి దగ్గరుంది? ఏమీ కాదు అన్నవాళ్ళనీ, అందరం చచ్చిపోతాం అన్నవాళ్ళనీ ఇద్దరినీ ఇదే అడగాలి.

రేడియం మన వీధుల్లోకి ఎలా వచ్చిందంటే నా ఊహ ఇది. ముందు చేతి గడియారాలతో వచ్చి ఉంటుంది. మా తాతగారి తరంలో రేడియం డయల్ వాచీ ఒక గొప్ప. చీకట్లో కనబడేదాని పేరు రేడియం అని స్థిరపడిపోయింది. తర్వాత గడియారాల్లోంచి రేడియం పోయింది, దాని చోట వేరే పదార్థాలొచ్చాయి. మాట మాత్రం మిగిలి స్టిక్కర్ షాపుకెక్కింది. ఆసుపత్రుల్లోనూ రేడియం పోయి కోబాల్ట్ వచ్చింది, దానికి మనం కరెంటు అని పేరు పెట్టుకున్నాం. రేడియం లేనిచోట రేడియం అన్నాం, ఉండాల్సినచోట కరెంటు అన్నాం.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. దీపం సంగతీ మసి సంగతీ. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “అయితే దాని ఒళ్ళో నిన్ను కూర్చోబెట్టి ఉండొచ్చన్నమాట” అంది.

“ఊఁ” అన్నాను.

గీత ఉన్న గ్లాసు ఇంకా అమ్మ దగ్గరే ఉందట, అటక మీద. ఈసారి వచ్చినప్పుడు కాఫీ అందులో ఇమ్మన్నాను. “దానికి కళాయి... ఛ, స్టీలుదేగా, తోమి పెడతాలే” అంది.